గుంట గట్టు మీటరు నుంచి హెడ్డాఫీసు సర్వర్ దాకా ఒకే టైమ్: పెద్ద నెట్‌వర్క్‌లో గడియారాలు కలిపే పద్ధతి

కొత్తపట్నం వైపు ఒక రొయ్యల గుంట అనుకోండి. తెల్లవారుజామున కరెంటు పోయింది, ఏరియేటర్లు ఆగాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది, ఆ తర్వాత జనరేటర్ వేశారు. జరిగిన వరస ఇది. మర్నాడు నెల్లూరు ఆఫీసులో లాగులు (పరికరాలు టైమ్‌తో సహా రాసుకున్న రికార్డులు) తెరిస్తే నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు అలారం 2:41కి, జనరేటర్ ఆన్ 2:44కి, కరెంటు పోవడం 2:47కి ఉంటుంది. ఈ లెక్కన కరెంటు ఉండగానే ఆక్సిజన్ పడిపోయింది, కరెంటు పోకముందే జనరేటర్ తిరిగింది. నైట్ డ్యూటీ కుర్రాడు నిద్రపోయాడా, జనరేటర్ బ్యాటరీ మొరాయించిందా, మీటరే పాడైందా? మూడు పెట్టెల్లో మూడు గడియారాలు ఉన్నంతకాలం ఎవరి మాటా తేలదు.

ఏ గడియారమూ నూటికి నూరు పాళ్లు కరెక్టుగా ఉండదు. ఎంత తప్పు ఉండొచ్చో మనకు తెలిసిన గడియారం పనికొస్తుంది, తెలియనిది పనికిరాదు. ఈ గైడంతా ఆ ఒక్క లెక్క చుట్టూ తిరుగుతుంది.

ఉదాహరణకు తీసుకున్న నెట్‌వర్క్ ఇలాంటిది: నెల్లూరులో హెడ్డాఫీసు, ఒంగోలులో డిపో, కృష్ణపట్నం పోర్టు దగ్గర కోల్డ్ స్టోరేజీ, ఇందుకూరుపేట, అల్లూరు, కొత్తపట్నం వైపు గుంటలు, హేచరీలు. ఆఫీసులకు ఫైబర్ ఉంది, గుంటల దగ్గర 4జీ సిమ్ మీదే నడవాలి. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలకైనా, నాలుగు ఊళ్లలో బ్రాంచీలున్న ఆస్పత్రికైనా పద్ధతి ఇదే.

మొదటి అడుగు: ఎంత తేడా తట్టుకోగలరు?

చాలామంది నేరుగా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడానికి దిగుతారు. ముందు కాగితం తీసుకుని, ఏ పనికి ఎంత తేడా వస్తే కొంప మునుగుతుందో రాయండి. సీసీ కెమెరా ఫుటేజీకి, బయోమెట్రిక్ హాజరుకి, డీఓ మీటరుకి ఒక సెకను చాలు. ఓటీపీ యాప్‌లు సాధారణంగా 30 సెకన్లకోసారి కోడ్ మారుస్తాయి, కాబట్టి నిమిషం తేడా వచ్చిన సర్వర్ అందరినీ గెంటేస్తుంది. విండోస్ డొమైన్‌లో లాగిన్ చూసే కెర్బరోస్ మామూలు సెట్టింగ్‌లో 5 నిమిషాల వరకే ఓర్చుకుంటుంది. రెండు మూడు చోట్ల ఒకే రికార్డును మార్చే డేటాబేస్ ఉంటే మిల్లీసెకన్లలోకి దిగాలి. కరెంటు సబ్‌స్టేషన్‌లో ఏ బ్రేకర్ ముందు పడిందో తెలియాలంటే ఒక్క మిల్లీసెకను. టీడీడీ పద్ధతిలో (ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా పంపుతూ, అందుకుంటూ) నడిచే 4జీ, 5జీ టవర్లకు మైక్రోసెకను, ఒకటిన్నర మైక్రోసెకను స్థాయి.

ఆక్వా కంపెనీకి మైక్రోసెకన్లు అక్కర్లేదు. నేనైతే సర్వర్లకు 10 మిల్లీసెకన్లు, గట్టు మీది పరికరాలకు ఒక సెకను అని గీత గీస్తాను. అంతకు మించి ఖర్చు పెట్టడం దండగ.

చట్టం సంగతి కూడా ఇక్కడే. దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా సెంటర్లు, సర్వీస్ ప్రొవైడర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటర్ల గడియారాలను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ (ఎన్‌పీఎల్) నడిపే ఎన్‌టీపీ సర్వర్లతో, అంటే నెట్‌వర్క్ మీద టైమ్ అందించే సర్వర్లతో కలపాలి, లేదా వాటితో లంకె ఉన్న సర్వర్లతోనైనా కలపాలి. లాగులు 180 రోజులు దాచాలన్నదీ ఆ ఆదేశాల్లోదే. ఆడిటర్ వచ్చినప్పుడు మొదట అడిగేవాటిలో ఇవి రెండూ ఉంటాయి.

రెండో అడుగు: గడియారం ఉన్న ప్రతి పెట్టెనూ లెక్కపెట్టండి

సర్వర్లు అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే ఉంటాయి: ఎన్‌వీఆర్ (కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టె), వేలిముద్ర మెషిన్, వేబ్రిడ్జి కంప్యూటర్, జనరేటర్ కంట్రోలర్, పీఎల్‌సీ (మోటార్లు, యంత్రాలను నడిపే కంట్రోలర్), కోల్డ్ రూమ్ టెంపరేచర్ లాగర్, 4జీ రౌటర్, స్విచ్‌లు. ఒక్కో దాని ముందు నిలబడి దాని టైమ్‌ను, అదే క్షణంలో మీ ఫోన్ టైమ్‌ను ఒకే ఫొటోలో పడేలా తీయండి. ఫోన్ మరీ ఖచ్చితం కాకపోయినా ఈ దశకు సరిపోతుంది.

ఆ ఫొటోలన్నీ ఒక షీట్‌లో ఎక్కించి తేడా వేయండి. తేడా ఎంతన్నదే చాలాసార్లు రోగమేమిటో చెప్పేస్తుంది.

సరిగ్గా 5 గంటల 30 నిమిషాలుంటే గడియారం బాగానే ఉంది, టైమ్‌జోన్ తప్పు. ఆ పెట్టె యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయంలో నడుస్తోంది. సరిగ్గా అరగంట తేడా ఉంటే ఎవరో మెనూలో 5:30 దొరక్క 5 అనో 6 అనో నొక్కి వదిలేశారు. 12 గంటలుంటే ఏఎం, పీఎం తారుమారు. తేదీ 1970 జనవరి 1 అనో 2000 జనవరి 1 అనో చూపిస్తుంటే లోపలి బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు పోయినప్పుడల్లా గడియారం మళ్లీ పుడుతోంది. మదర్‌బోర్డుల్లో ఎక్కువగా ఉండేది సీఆర్2032, ఏ వాచీ షాపులోనైనా దొరుకుతుంది.

సరిగ్గా 18 సెకన్లు ముందుంటే అది జీపీఎస్ టైమ్‌ను నేరుగా చూపిస్తోంది. జీపీఎస్ గడియారం 1980లో మొదలైనప్పటి నుంచి లీప్ సెకన్లు (భూమి తిరుగుడుతో సరిపెట్టడానికి యూటీసీకి అప్పుడప్పుడూ కలిపే సెకన్లు) కలుపుకోదు, అందుకే 2017 నుంచి యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంది. 37 సెకన్లు ముందుంటే అది అణు గడియారాల టీఏఐ లెక్క, పీటీపీ (మైక్రోసెకన్ల దాకా గడియారాలు కలిపే పద్ధతి) వాడేచోట సెట్టింగ్ తప్పితే కనపడుతుంది. తేదీ దాదాపు 19 ఏళ్ల 7 నెలలు వెనక్కి పోయి ఉంటే పాత జీపీఎస్ రిసీవర్ వారాల లెక్క తప్పింది. ఆ లెక్క 1024 వారాలకోసారి సున్నాకొస్తుంది, చివరిసారి 2019 ఏప్రిల్‌లో వచ్చింది.

ఇవేవీ కాకుండా 3 నిమిషాల 11 సెకన్లు లాంటి పొంతన లేని తేడా ఉంటే అది మెల్లగా జారిపోయిన గడియారం. మన గుంట దగ్గర మూడు పెట్టెలదీ ఇదే జబ్బు.

సర్వర్లన్నిటినీ లోపల యూటీసీలోనే నడపండి, మనిషికి చూపించేటప్పుడు మాత్రం ఐఎస్‌టీకి మార్చండి. ఐఎస్‌టీ అన్నది ఎలాగూ 82.5 డిగ్రీల రేఖాంశం మీద అందరం ఒప్పుకున్న లెక్క. నెల్లూరు ఉన్నది 80 డిగ్రీల దగ్గర, సూర్యుడి లెక్కన మనం దానికి ఓ పది నిమిషాలు వెనక. ఒప్పుకున్న లెక్క ఒకటుంటే చాలు, అది ఎండతో కలవాల్సిన పని లేదు.

మూడో అడుగు: రోహిణి కార్తెను లెక్కలో వేసుకోండి

ఈ విషయం మాన్యువళ్లలో పెద్దగా రాయరు, మన ప్రాంతానికి మాత్రం చాలా ముఖ్యం. చవక పరికరాల్లో గడియారం నడిపేది సెకనుకు 32,768 సార్లు ఊగే చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. అది దాదాపు 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా తయారవుతుంది. వేడి పెరిగినా తగ్గినా నెమ్మదిస్తుంది. ఎంత నెమ్మదిస్తుందంటే, 25 నుంచి ఎన్ని డిగ్రీలు తేడా ఉందో ఆ అంకెను వర్గం చేసి సుమారు 0.034తో గుణించాలి. వచ్చేది పీపీఎం, అంటే పది లక్షల్లో ఎన్ని వంతులు అని. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 1 పీపీఎం అంటే రోజుకు 86.4 మిల్లీసెకన్లు.

రోళ్లు పగిలే ఎండలో గట్టు మీద రేకు డబ్బాలో పెట్టిన కంట్రోలర్ లోపల 60 డిగ్రీలు ఉందనుకుందాం. 35 వర్గం 1,225, దాన్ని 0.034తో గుణిస్తే దాదాపు 42 పీపీఎం. ఆ వేడి రోజంతా అలాగే ఉంటే రోజుకు మూడున్నర సెకన్లు వెనకబడుతుంది. రాత్రి చల్లబడుతుంది గనుక నిజంగా సగమో ముప్పాతికో ఉంటుంది, అయినా నెల తిరిగేసరికి నిమిషం పోతుంది. తయారీలో వచ్చే తేడా మరో 10, 20 పీపీఎం దీనికి అదనం. అదే కంట్రోలర్ హెడ్డాఫీసు ఏసీ గదిలో టెస్ట్ చేస్తే భేషుగ్గా ఉంటుంది, అందుకే సప్లయర్‌కి ఫోన్ చేస్తే మా దగ్గర బాగానే ఉందండీ అంటాడు.

చేయాల్సింది రెండు. డబ్బాను తెల్ల పెయింట్ వేసి, నీడలో, గాలాడే చోట పెట్టండి. రెండోది, సైటుకు లింకు ఎంతసేపు పోవచ్చో అంచనా వేసి, ఆ సమయంలో ఎంత జారుతుందో లెక్కగట్టండి. తుఫాను వచ్చి మూడు రోజులు సిగ్నల్ లేకపోతే పై లెక్కన గరిష్ఠంగా 10, 11 సెకన్లు. మొదటి అడుగులో గీసిన గీత ఒక సెకను. అంటే ఆ కంట్రోలర్‌ను నమ్ముకుంటే లాభం లేదు, సైటులోనే వేరే టైమ్ సర్వర్ ఉండాలి.

నాలుగో అడుగు: టైమ్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

గడియారాల వ్యవస్థ అంచెలంచెలుగా ఉంటుంది, ఆ అంచెలకు స్ట్రాటమ్ అని పేరు. అణు గడియారం, జీపీఎస్ రిసీవర్ లాంటివి సున్నా. వాటికి నేరుగా తగిలించిన సర్వర్ 1, దాన్ని అడిగి తెలుసుకునేది 2, అలా 15 దాకా. 16 అంటే సింక్ లేదని అర్థం. అంకె చిన్నదైతే టైమ్ మంచిదని గ్యారంటీ ఏమీ లేదు, దగ్గర్లో ఉన్న స్ట్రాటమ్ 2 చాలాసార్లు దూరపు స్ట్రాటమ్ 1 కంటే మేలు.

దేశంలో ఐఎస్‌టీని నిర్వహించేది ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ. వాళ్ల ఎన్‌టీపీ సర్వర్ ఒకటి, ఎన్‌ఐసీ వాళ్ల సమయ్ సర్వర్లు రెండు, సొంత జీపీఎస్ రిసీవర్ ఒకటి: మొత్తం నాలుగు మూలాలు పెట్టుకోండి. ఒక్కటే ఉంటే అది తప్పు చెప్పినా తెలియదు. రెండుంటే గొడవ పడినప్పుడు ఎవరిది ఒప్పో తేలదు. మూడుంటే మెజారిటీ తేలుతుంది. నాలుగోది ఏదైనా ఒకటి పడిపోయిన రోజు కోసం.

సొంత రిసీవర్ కొనేటప్పుడు సెకనుకో పల్స్ ఇచ్చే పీపీఎస్ పిన్ ఉందో లేదో చూడండి. అది లేని యూఎస్‌బీ జీపీఎస్ బొమ్మలు వందల మిల్లీసెకన్లు అటూ ఇటూ ఊగుతాయి, ఇంటర్నెట్ సర్వర్లే వాటికంటే నయం. పీపీఎస్ ఉంటే రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డుతో కూడా మైక్రోసెకన్లు వస్తాయి. యాంటెన్నా డాబా మీద, చుట్టూ ఆకాశం కనపడేలా పెట్టి, కేబుల్‌కు మెరుపుల నుంచి కాపాడే సర్జ్ అరెస్టర్ తప్పకుండా వేయండి. సముద్రం పక్క సైట్లలో కనెక్టర్లకు ఉప్పుగాలి తగలకుండా టేప్ చుట్టాలి, లేదంటే ఏడాదికే పచ్చగా తుప్పు పడతాయి.

కొత్తగా కొనేవాళ్లు జీపీఎస్ లాంటి మన దేశపు వ్యవస్థ నావిక్ సంకేతాలు కూడా అందుకునే రిసీవర్ తీసుకుంటే మంచిది. మన పక్కనున్న శ్రీహరికోట నుంచే ఆ ఉపగ్రహాలు లేచాయి. మొదటి తరంలో విదేశీ రుబీడియం గడియారాలు పాడైపోయి ఇస్రోకు తలనొప్పి తెచ్చాయి. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన రుబీడియం గడియారం పెట్టారు. 2025 జనవరిలో వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. అందువల్ల నావిక్ ఒక్కదాన్నే కాకుండా జీపీఎస్‌తో కలిపి వాడడమే ప్రస్తుతానికి తెలివైన పని.

ఐదో అడుగు: సైటుకో టైమ్ సర్వర్

ప్రతి కెమెరా, ప్రతి కంట్రోలర్ ఇంటర్నెట్‌కు ఎక్కి టైమ్ అడగకూడదు. నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి పెద్ద టైమ్ సర్వర్లు పెట్టండి. బయటి మూలాలను ఇవే అడుగుతాయి. ఒక్కో సైటులో ఇన్వర్టర్ మీద నడిచే చిన్న కంప్యూటర్ ఒకటి ఈ రెంటినీ అడుగుతుంది, సైటులో మిగతావన్నీ దాన్ని అడుగుతాయి. లింకు తెగినా సైటు లోపలి పెట్టెలన్నీ కనీసం ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. గుంట దగ్గర ఏది ముందు, ఏది వెనక అని తేల్చడానికి అది చాలు.

టైమ్ సర్వర్‌ను వర్చువల్ మెషిన్‌గా పెట్టకండి, అసలు మెషిన్ మీదే పెట్టండి. ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 పోర్టు తెరవాలి, అదీ మీ లోపలి నెట్‌వర్క్‌కే. అందరికీ తెరిచి పెడితే ఏమవుతుందో 2013, 2014లో లోకమంతా చూసింది: పాత ఎన్‌టీపీ సర్వర్లలోని మాన్‌లిస్ట్ అనే సదుపాయాన్ని వాడుకుని చిన్న ప్రశ్నకు పెద్ద జవాబు రాబట్టి, ఆ వరదను వేరేవాళ్ల మీదకు మళ్లించారు.

లినక్స్‌లో క్రోనీ అనే టైమ్ కలిపే ప్రోగ్రాం వాడండి. లింకు వచ్చీపోయే చోట, వేడి మారే చోట అది పాత ఎన్‌టీపీడీ కంటే త్వరగా కుదురుకుంటుంది. రెడ్ హ్యాట్ 8 నుంచి అసలు ఎన్‌టీపీడీని తీసేసి దీన్నే ఇస్తోంది. కాన్ఫిగ్ ఫైలులో ఉండాల్సిన లైన్లు ఐదారే.

సర్వర్ లైన్లు: ఒక్కో మూలానికి ఒకటి, చివర ఐబర్స్ట్ అని రాస్తే మొదట నాలుగైదు ప్రశ్నలు గబగబా అడిగి కొన్ని సెకన్లలోనే సింక్ అవుతుంది. డ్రిఫ్ట్‌ఫైల్ లైన్: మీ స్ఫటికం ఎంత జారుతోందో నేర్చుకుని దాచుకోవడానికి. రీబూట్ తర్వాత మళ్లీ మొదటి నుంచి నేర్చుకోదు. మేక్‌స్టెప్ 1.0 3 అన్న లైన్: మొదటి మూడు అప్‌డేట్లలో ఒక సెకనుకు మించి తేడా ఉంటే ఒక్క గెంతులో సరిచెయ్, ఆ తర్వాత ఎప్పుడూ గెంతకు అని. ఆర్‌టీసీసింక్: మదర్‌బోర్డు గడియారాన్ని కూడా సరిచేస్తుండమని. అలౌ లైన్: ఏ నెట్‌వర్క్ వాళ్లకు జవాబివ్వాలో. సైటు సర్వర్లో మాత్రం అదనంగా లోకల్ స్ట్రాటమ్ 10 అని ఒక లైన్, పై లింకు పోయినా లోపలి వాళ్లకు టైమ్ ఇస్తూ ఉండమని.

గెంతు గురించి ఒక మాట. నడుస్తున్న గడియారాన్ని ఒక్కసారి వెనక్కి జరిపితే 2:40 రెండుసార్లు వస్తుంది. డేటాబేస్ తికమకపడుతుంది, లాగుల వరస చెడుతుంది. అందుకే పని మొదలయ్యాక గడియారాన్ని కొంచెం వేగంగానో నెమ్మదిగానో నడిపించి కలపాలి. పాత ఎన్‌టీపీడీ ఇలా 500 పీపీఎం వరకే మారుస్తుంది, అంటే ఒక్క సెకను సర్దడానికి 33 నిమిషాలు పడుతుంది. క్రోనీ అంతకంటే చాలా చురుగ్గా పని కానిస్తుంది.

ఆరో అడుగు: నాలుగు అంకెల లెక్క అర్థం చేసుకోండి

దీన్ని దాటేసి పోతే మిగతా అంతా గుడ్డి నమ్మకమే, అందుకని కాస్త ఓపిగ్గా చూడండి. ఎన్‌టీపీని డేవిడ్ మిల్స్ రూపొందించారు, 1985లో మొదటి వెర్షన్ వచ్చింది. ఇప్పుడు వాడే నాలుగో వెర్షన్ 2010 నాటిది. కిటుకు మాత్రం మొదటి నుంచీ ఒక్కటే.

సైటు కంప్యూటర్ ప్రశ్న పంపేటప్పుడు తన గడియారంలో 100 మిల్లీసెకన్లు అని రాసుకుంది. నెల్లూరు సర్వర్‌కు అది అందినప్పుడు సర్వర్ గడియారంలో 160. జవాబు పంపినప్పుడు 161. జవాబు సైటుకు చేరినప్పుడు సైటు గడియారంలో 141.

దారిలో పట్టిన మొత్తం సమయం: 141లోంచి 100 తీస్తే 41, అందులో సర్వర్ దగ్గర గడిచిన 1 తీసేస్తే 40. గడియారాల తేడా: పోయేటప్పుడు కనపడిన 60, వచ్చేటప్పుడు కనపడిన 20, రెంటినీ కలిపి సగం చేస్తే 40. సైటు గడియారం 40 మిల్లీసెకన్లు వెనకుంది.

ఇందులో ఒక ఊహ దాగుంది: పోవడానికి 20, రావడానికి 20 పట్టిందని. గుంట దగ్గర 4జీ లింకులో ఎనిమిది కెమెరాల వీడియో పైకి పోతుంటే అప్‌లోడ్ దారి కిక్కిరిసిపోతుంది. నిజానికి పోవడానికి 35, రావడానికి 5 పట్టిందనుకోండి. అసలు తేడా 60లోంచి 35 తీస్తే 25 మాత్రమే. అవే నాలుగు అంకెలు, అయినా జవాబులో 15 మిల్లీసెకన్ల తప్పు. ఈ తప్పును ఎన్‌టీపీ తనంతట తాను కనిపెట్టలేదు. కానీ ఎంతకు మించి ఉండదో చెప్పగలదు: మొత్తం దారి సమయంలో సగం, ఇక్కడ 20. దారి ఎంత పొట్టిదైతే తప్పుకు అంత తక్కువ చోటు. సైటులోనే టైమ్ సర్వర్ పెట్టమన్నది ఇందుకే, స్విచ్ మీద దారి ఒక మిల్లీసెకను కూడా ఉండదు.

రౌటర్లో యూడీపీ 123కు ముందు ప్రాధాన్యం ఇస్తే అప్‌లోడ్ రద్దీ ప్రభావం బాగా తగ్గుతుంది. ప్యాకెట్లు చాలా చిన్నవి, కెమెరాలకు నష్టమేమీ ఉండదు.

ఏడో అడుగు: నిజంగా కలిసిందా?

క్రోనీసీ సోర్సెస్ అన్న కమాండ్ ఇవ్వండి. ఒక్కో లైను మొదట్లో ఉండే గుర్తులు చూడాలి. నక్షత్రం ఉన్నది ప్రస్తుతం ఎంచుకున్న మూలం, ప్లస్ ఉన్నవి దానితో కలిపి వాడుతున్నవి. ఎక్స్ గుర్తుంటే మిగతావాళ్లతో పొసగని అబద్ధాలకోరు, ప్రశ్న గుర్తుంటే జవాబే లేదు. రీచ్ అన్న కాలమ్‌లో 377 ఉంటే గత ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చింది. అది ఆక్టల్ అంకె, అందుకే విచిత్రంగా ఉంటుంది.

తర్వాత క్రోనీసీ ట్రాకింగ్. చాలామంది ఇందులో లాస్ట్ ఆఫ్‌సెట్ ఒక్కటే చూసి, అబ్బో సున్నా పాయింట్ సున్నా ఏదో ఉంది, బ్రహ్మాండం అనుకుంటారు. మీకు కావలసింది మూడు అంకెల మొత్తం: సిస్టమ్ టైమ్ తేడా, రూట్ డిస్పర్షన్ (దారిలో పేరుకున్న అనుమానం), రూట్ డిలే (అసలు గడియారం దాకా పోయి రావడానికి పట్టే సమయం)లో సగం. గట్టు మీది కంప్యూటర్లో తేడా 0.4, డిస్పర్షన్ 1.6, డిలే 36 మిల్లీసెకన్లు అనుకోండి. 0.4 కి 1.6, 36లో సగం 18 కలిపితే 20. ఆ గడియారం అసలు టైమ్‌కు అటో ఇటో 20 మిల్లీసెకన్ల లోపే ఉంటుంది. మొదటి అడుగులో రాసుకున్న గీతతో పోల్చాల్సింది ఈ అంకెనే. గట్టుకు గీత ఒక సెకను కాబట్టి హాయిగా పాసు. అదే 20 హెడ్డాఫీసు డేటాబేస్ సర్వర్‌కు వస్తే ఫెయిల్.

ఈ మొత్తాన్ని ప్రతి ఐదు నిమిషాలకూ మీ మానిటరింగ్‌లోకి పంపండి. గీతలో సగం దాటితే మెసేజ్, గీత దాటితే ఫోన్. గడియారాన్ని ఎవరూ చూడరు గనుకనే అది నెలల తరబడి తప్పుగా నడుస్తుంది.

మిగతా పరికరాలు

విండోస్ డొమైన్ ఉంటే పీడీసీ ఎమ్యులేటర్ పాత్రలో ఉన్న ఒక్క సర్వర్‌నే మీ టైమ్ సర్వర్లకు చూపించండి, మిగతావన్నీ దాని వెంట వస్తాయి. ఒక్కో పీసీలో వేరేగా సెట్ చేయబోతే గొలుసు తెగుతుంది. వర్చువల్ మెషిన్లకు హోస్ట్ నుంచి గానీ ఎన్‌టీపీ నుంచి గానీ ఒక్క చోటి నుంచే టైమ్ రావాలి. ఇద్దరూ ఇస్తే గడియారం అటూ ఇటూ గుంజుకుపోతుంది. కెమెరాల్లో ఎన్‌వీఆర్ నుంచి సింక్ అన్న ఆప్షన్, ఎన్‌టీపీ అన్న ఆప్షన్ రెండూ కనపడితే ఎన్‌వీఆర్‌ను ఎన్‌టీపీకి, కెమెరాలను ఎన్‌వీఆర్‌కు పెట్టండి.

అసలు ఎన్‌టీపీనే తెలియని పాత కంట్రోలర్ల సంగతి? వాటి టైమ్‌ను నమ్మడం మానేయండి. వాటి నుంచి సమాచారం సైటు కంప్యూటర్‌కు అందిన క్షణంలో రెండో టైమ్ ముద్ర వేయించి, రెండూ దాచండి. మొదట్లో చెప్పిన గుంట దగ్గర ఇది ఉండుంటే డీఓ మీటరు ఎంత వెనక నడుస్తోందో రెండు ముద్రల తేడాలోనే కనపడేది, గొడవ పది నిమిషాల్లో తేలేది.

ఎనిమిదో అడుగు: గడియారం మీద ఆధారపడకూడని చోట్లు

అరగంట తర్వాత ఏరియేటర్ ఆపు అని ప్రోగ్రాం రాసేవాళ్లు తరచూ గోడ గడియారం టైమ్‌కు (కంప్యూటర్ మామూలుగా చూపించే టైమ్‌కు) అరగంట కలిపి పెడతారు. మధ్యలో సింక్ జరిగి గడియారం రెండు నిమిషాలు ముందుకు గెంతితే మోటారు రెండు నిమిషాలు ముందే ఆగుతుంది. ఎంతసేపు అన్న లెక్కకు ఎప్పుడూ వెనక్కి పోని మోనోటోనిక్ క్లాక్ వాడాలి. ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ అది ఉంటుంది. ఎప్పుడు జరిగింది అన్నదానికే గోడ గడియారం.

రెండు చోట్ల స్టాకు మార్చే డేటాబేస్‌లో, చివర రాసినవాడిదే చెల్లుతుంది అనే పద్ధతి ఉంటే మరీ జాగ్రత్త. కోల్డ్ స్టోరేజీ గడియారం 50 మిల్లీసెకన్లు ముందుంటే, ఒంగోలు వాళ్లు తర్వాత చేసిన మార్పు కూడా ముందు చేసినదిగా లెక్కకొచ్చి మాయమైపోవచ్చు. ఇలాంటి చోట గడియారాన్ని ఎంత కలిపినా అదొక్కటే చాలదు, వరస నంబర్లు కూడా వాడాలి. లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చూపించిన దారి ఇది: ప్రతి సంఘటనకూ ఒక అంకె, ప్రతి మెసేజ్‌తోనూ ఆ అంకె ప్రయాణం చేస్తుంది, అందుకున్నవాడు తన అంకెను దానికంటే పెద్దది చేసుకుంటాడు. గూగుల్ తన స్పానర్ డేటాబేస్‌లో ఇంకో దారి పట్టింది. ట్రూటైమ్ అని, టైమ్‌ను ఒకే అంకెగా కాకుండా ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఎక్కడైనా ఉండొచ్చు అని చెబుతుంది. ఆ సందేహం తీరేంతసేపు డేటాబేస్ ఆగి, అప్పుడు ముందుకు పోతుంది. ఏడో అడుగులో మనం కూడిన 20 మిల్లీసెకన్లూ ఆ జాతి అంకే.

మైక్రోసెకన్లు కావాల్సిన వాళ్లకు పీటీపీ ఉంది. నెట్‌వర్క్ కార్డే ప్యాకెట్ మీద టైమ్ వేస్తుంది, దారిలోని స్విచ్‌లు కూడా అందుకు తగ్గవి అయ్యుండాలి. పోర్టులో, పవర్ ప్లాంట్లో పనిచేసేవాళ్లకు అవసరం రావచ్చు. 4జీ మీద నడిచే గుంటలకు అనవసరం.

చివరగా: చెడగొట్టి చూడండి, రాబోయే తేదీలు గుర్తుపెట్టుకోండి

అంతా కలిశాక ఒక సైటు లింకును కావాలని ఒక రాత్రంతా పీకి పెట్టండి. గుంటల్లో పట్టుబడి జరిగే రోజుల్లో కాదు, ఖాళీగా ఉన్నప్పుడు. పొద్దున లింకు పెట్టినప్పుడు సైటు సర్వర్ ఎంత జారింది, గెంతిందా లేక మెల్లగా కలిసిందా, కెమెరాలు దాని వెంటే ఉన్నాయా అన్నది రాసుకోండి. ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చేస్తే మూడో అడుగులో వేసిన లెక్క ఎంత నిజమో తెలుస్తుంది. ఒక మూలానికి కావాలని తప్పు టైమ్ పెట్టి, ఎక్స్ గుర్తు పడుతుందో లేదో కూడా చూడండి.

ఇంటర్నెట్ దాటి వచ్చే టైమ్‌ను దారిలో ఎవరైనా మార్చకుండా ఎన్‌టీఎస్ అనే భద్రత 2020లో ప్రమాణమైంది, క్రోనీ 4.0 నుంచి ఉంది. మీరు అడిగే బయటి సర్వర్ దాన్ని ఇస్తుంటే ఆన్ చేయండి, నెల్లూరుకూ సైట్లకూ మధ్య కూడా పెట్టుకోవచ్చు.

లీప్ సెకను చివరిసారి 2016 డిసెంబరు 31న వచ్చింది, మన టైమ్‌లో జనవరి 1 పొద్దున ఐదున్నరకు. 2012లో వచ్చినదానికి చాలా లినక్స్ సర్వర్లు స్తంభించాయి. ఈ బెడద వదిలించుకోవాలని, 2035 లోపు యూటీసీకీ భూమి తిరుగుడుకూ మధ్య ఒప్పుకునే తేడాను పెంచాలని 2022లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ తీర్మానించింది. ఈలోగా వస్తే, ఆ సెకనును రోజంతా పరిచి కలిపే గూగుల్ సర్వర్లనూ, ఒక్కసారే కలిపే ఎన్‌పీఎల్ లాంటి సర్వర్లనూ ఒకే కాన్ఫిగ్‌లో కలపకండి. ఆ రోజు రెండు వర్గాల మధ్య అర సెకను దాకా తేడా ఉంటుంది, మీ నాలుగు మూలాలూ రెండు ముక్కలవుతాయి.

ఇంకొకటి 2036 ఫిబ్రవరి 7. ఎన్‌టీపీ ప్యాకెట్‌లో సెకన్ల గడి 1900 నుంచి లెక్కపెడుతూ 32 బిట్లు నిండి ఆ రోజు సున్నాకొస్తుంది. క్రోనీ లాంటివి దీనికి సిద్ధమే. సందేహమల్లా ఎన్‌వీఆర్‌లు, కంట్రోలర్లు, ఇక ఎవరూ అప్‌డేట్ చేయని చిన్న పెట్టెల గురించి. ఇప్పుడు కొనేవి పదేళ్లు వాడేవైతే ఆర్డర్ పెట్టేముందే ఒకదాన్ని తెప్పించి, విడి నెట్‌వర్క్‌లో టెస్ట్ సర్వర్ టైమ్‌ను 2036 ఫిబ్రవరి 6 రాత్రికి పెట్టి, మర్నాడు మధ్యాహ్నం దాటేదాకా వదిలేసి చూడండి. అప్పుడు అది 1900 అని చూపిస్తే సప్లయర్‌కు తిరిగి పంపేయండి.